రెండు క్యాన్ల సముద్రపు నీళ్ళు

గుండుగొలను, 11-9-2006

తమ్ముడు దావీదుకు, ప్రభువు కృప వల్ల క్షేమం. ఫోనులో అయితే మీ బావగారు పక్కనే ఉంటారు, అందుకని కార్డు రాస్తున్నాను.

కొల్లేరులో మన చేపల చెరువు గట్లు గవర్నమెంటు వాళ్ళు కొట్టేసిన దగ్గర్నుంచి ఆయన నోరు విప్పడం లేదని నీకు తెలుసు కదా. పోయిన నెల ఏలూరులో ఒక డాక్టరు గారు వద్దనుకున్న ఉప్పునీటి అక్వేరియం తెచ్చుకున్నారు. అందులో పువ్వుల్లా విచ్చుకునే పగడాలు, తెల్ల చారల చేపలు రెండు ఉన్నాయి. చెరువు అలవాటు కొద్దీ మొదటి రోజే గుప్పెడు తవుడు వేశారు. నీళ్ళు కుడితిలా అయిపోయి పగడాలు ముడుచుకున్నాయి. డాక్టరు గారిచ్చిన సముద్రపు నీళ్ళే కొంచెం కొంచెం మారుస్తూ దాని ముందే కూర్చున్నారు. ఎంత ఓపికో! నేను ప్రార్థన చేస్తూ ఉన్నాను. నిన్న ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. "ఏమే, ఇలా రా, చూడు!" అని కేకేశారు. ఎవరూ చూడని నీటి అడుగున దేవుడు ఇన్ని రంగులు పెట్టాడా అనిపించింది. పక్కింటి సైఫుల్లా గారు "ఎన్ని కిలోలు పెరుగుతాయండీ?" అంటే, "ఇవి కాటాకి కాదండీ, కంటికి" అని నవ్వారు.

ఆ నీళ్ళు అయిపోవచ్చాయి. మీ పేరుపాలెం సముద్రపు తేట నీళ్ళు రెండు క్యాన్లు బస్సులో పంపు. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? పిల్లలకు దీవెనలు.

ఈ కార్డు దాచుకో, ఎవరికీ చూపించకు. ఆయన నవ్వు కోసం నేను కాచుకుని ఉన్నానని తెలిస్తే మళ్ళీ మూతి బిగించేస్తారు.

మీ అక్క,
ఎస్తేరు