వేడి చేసిందనుకున్నాను

చుమాథాంగ్, మంగళవారం రాత్రి

వేడినీటి ఊటలో స్నానం చేసి వచ్చాక సుమకు తలనొప్పి, వాంతులు. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించాను. బళ్ళారి వాళ్లకు ఎండ తప్ప ఇంకేం తెలుసు? మేం దిగిన గుడారాలాయన చూసి, ఇది కొండ ఎత్తు వల్ల, తగ్గకపోతే వెంటనే కిందికి దించమన్నాడు.

"ఏం కాలేదు నాయనా, భయపడాకు. ఇంజనీరింగ్ చదివి డాక్టరైనావా ఏంది? రేపు సరస్సు చూడకుండా నేను యాడికీ రాను" అని పడుకుంది నా కూతురు.

వాళ్లమ్మ లలిత కూడా కొన్నేళ్ల కిందట ఒక రాత్రి ఇట్లే ఏం కాలేదనే అంది. నమ్మి నిద్రపోయాను. తెల్లారేసరికి నాకు భార్య లేదు.

నిద్రలో సుమ ఊపిరి ఆగి ఆగి వస్తోంది. డ్రైవరును లేపాను. అతను బండి సిద్ధం చేసేలోపు ఇది రాస్తున్నాను. ఇప్పుడు లేపితే తిడుతుంది. కిందున్న లేహ్ చేరేదాకా తిడుతూనే ఉంటే చాలు.