గోడ అవతలి ఆంప్లిఫయర్

క్యోటో,
జూన్ నెల, ముసురు.

పక్కింటి కుదో తెత్సురో గారికి నిషివాకి కినుయో నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మీరు క్షేమమా అని అడగాల్సిన పని లేదు. రోజూ సాయంత్రం మీ క్షేమసమాచారం మా గోడే చెబుతోంది. పక్కింట్లో ఉండి ఉత్తరమేమిటని అనుకోకండి. రెండుసార్లు వచ్చి తలుపు కొట్టాను. మీరు సంగీతంలో మునిగి ఉన్నారు.

మా వీధిలో ఇళ్ళ మధ్యవి ముత్తాతల నాటి మట్టి గోడలు. అవతల ఏం జరుగుతోందో ఇన్నాళ్ళూ ఊహించుకోవాల్సి వచ్చేది. మీరొచ్చాక ఆ శ్రమ తప్పింది. సాయంత్రాలు నా దగ్గర షామిసెన్ వాద్యం నేర్చుకునే ఆడవాళ్ళకి కూడా ఒకటే సంబరం. ఒక్క ఫీజుతో నా మూడు తీగలూ మీ డ్రమ్ములూ కలిపి వింటున్నారు. అంత సంబరం తట్టుకోలేకనేమో, సగం మంది రావడం మానేశారు.

మీకున్నంత సంగీతాభిమానం ఈ వీధిలో ఇంతకు ముందు ఎవరికీ లేదు. మిమ్మల్ని కన్నవారు ధన్యులు.

ఇట్లు,
మీ పొరుగు
నిషివాకి కినుయో

తా.క.: మా అద్దాల బీరువాలో టీ కప్పులు మా అమ్మ కాలం నుంచి కదలకుండా కూర్చున్నాయి. ఈ మధ్యే నాట్యం మొదలుపెట్టాయి.


నిషివాకి గారికి కుదో తెత్సురో వేయి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. ఉత్తరాన హకొదాతె నుంచి ఇక్కడికి బదిలీ అయినప్పుడు, "క్యోటో వాళ్ళు బయటివాళ్ళని గుమ్మం ఎక్కనివ్వరు" అని మా ఆఫీసులో అందరూ భయపెట్టారు. అంతా అబద్ధం! ఇంతగా మెచ్చుకున్న పొరుగువారు నాకు మా ఊళ్ళోనే లేరు.

మీరు రసజ్ఞులు కాబట్టి ఒక ధర్మసందేహం. వేసవి బోనస్ రెండు లక్షల యెన్‌లు చేతికొస్తోంది. పాత గ్రామఫోను తీసేసి మంచి సెట్టు కొందామని ఉంది. ఆంప్లిఫయర్‌కి ఎంత పెట్టాలి, స్పీకర్లకి ఎంత పెట్టాలి? "స్పీకరే గొంతు, డబ్బంతా దానికే పెట్టు" అంటాడు ఒక స్నేహితుడు. "గుండె లేని గొంతు ఎందుకురా, ఆంప్లిఫయర్ కొను" అంటాడు ఇంకొకడు. వాళ్ళిద్దరికీ ఇప్పుడు మాటల్లేవు. తెరామచి వీధిలో రేడియో కొట్టువాడేమో చెరిసగం అంటాడు, అక్కడ రెండూ మిగిలిపోయి ఉన్నాయి లెండి.

నా గదిలో కూర్చుంటే నాకు అంతా బాగానే వినిపిస్తుంది. గోడ అవతలి నుంచి వినే మీరే సరైన న్యాయనిర్ణేత. చెప్పండి.

విధేయుడు,
కుదో తెత్సురో

తా.క.: మీ షామిసెన్ సాధన మాత్రం తక్కువా! వీధి కంటే ముందే లేచి వాయిస్తారు. అంత పట్టుదల నేనెక్కడా చూడలేదు.


కుదో గారికి,
ఆశీస్సులు.

మీ తాజా కలం మూడుసార్లు చదువుకున్నాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎండు స్క్విడ్ చేపల పొట్లంతో పాటు పంపిన చీటీలోనూ మీరు నా సాధనను మెచ్చుకున్నారు. (ఆ స్క్విడ్ పరిమళాన్ని వీధి వీధంతా పంచుకుంది.) మా ఊరివాళ్ళ పొగడ్తలను నేను తూచి, తరుగు తీసి పుచ్చుకుంటాను. మీ ఉత్తరాది వాళ్ళు మాత్రం మనసులో ఉన్నదే అంటారు. అందుకే ఆదివారం మధ్యాహ్నం కూడా పాఠం పెట్టాను. మీకు బాగా వినిపించాలని మీ వైపు తలుపులు తీసే ఉంచుతున్నాను.

మీ సందేహానికి నా సలహా: డబ్బంతా స్పీకర్లకే పెట్టండి. పెద్దవి కొనండి, గదికి నిండుదనం వస్తుంది. ఆంప్లిఫయర్ మాత్రం అతి చిన్నది, వీలైతే పాతది, ఇంకా వీలైతే కాస్త పాడైనది చూడండి. బక్క ఎద్దుకు పెద్ద బండి కడితే ఎంత నెమ్మదిగా, ఎంత హుందాగా నడుస్తుందో చూశారా?

నవంబరులో మా షామిసెన్ సంప్రదాయపు పెద్దగురువుగారు నా పాఠం వినడానికి వస్తున్నారు. ఆయనకు నచ్చితేనే గుమ్మం మీద మా అమ్మ పెట్టిన బోర్డు ఉంటుంది. మిగిలిన ఆ నలుగురు శిష్యురాళ్ళూ అప్పటిదాకా ఉంటే చాలని దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

ఇట్లు,
నిషివాకి కినుయో

తా.క.: ఆంప్లిఫయర్ అన్నం డబ్బా కంటే పెద్దది వద్దు.


నిషివాకి గారికి,

మీరు మామూలు మనిషి కారు! మీ సలహా చెప్పగానే తెరామచి కొట్టువాడు కౌంటరు వెనక నుంచి లేచి మీ ఇల్లున్న దిక్కుకు నమస్కారం పెట్టాడు. "ఆవిడ ఇంజనీరా?" అని అడిగాడు. సంగీతం టీచరన్నాను. నమ్మలేదు.

పెద్ద స్పీకర్లు కొనమన్నారు కదా. ఫుషిమి వైపు మూతపడిన సినిమాహాల్లో తెర వెనక ఉండే స్పీకర్లు రెండు చవగ్గా దొరికాయి. బూరల్లా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. గుసగుసను కూడా కేక చేసే రకమట. వీటికి దోమంత ఆంప్లిఫయర్ చాలని, పెద్దది పెడితే కప్పు లేచిపోతుందని కొట్టువాడు చెప్పాడు. అన్నం డబ్బా అంతదే తీసుకున్నాను. మీకు ముందే ఎలా తెలిసిందండీ?

ఇప్పుడు ట్రంపెట్ వాడు ఊపిరి పీల్చుకోవడం కూడా నాకు వినిపిస్తోంది. మీకూ వినిపిస్తోందా?

కృతజ్ఞతలతో,
కుదో

తా.క.: మీటను ఇంకా రెండో అంకె మీదే ఉంచాను. పది దాకా ఉంది.

తా.క. 2: ఆదివారం పాఠం అద్భుతం. ఇంతకు ముందు ఆదివారాలు ఊరికే పడుకునేవాణ్ణి.


కుదో గారికి,

వినిపిస్తోంది. ట్రంపెట్ వాడి ఊపిరే కాదు, వాడి ఆరోగ్యం గురించి కూడా నాకు కొంత అవగాహన వచ్చింది. ఎడమ ఊపిరితిత్తి చూపించుకోమనండి.

మా ఇంటి పిల్లి కళాపిపాసకు దూరమైన జీవి. మంగళవారం నుంచి మీసొ సోయా ముద్ద అమ్మే కొట్టువాళ్ళింట్లో ఉంటోంది. కప్పు నుంచి మన్ను రాలి నా టీలో పడుతోంది, రుచి మారింది. సినిమాహాలుకి వెళ్ళాలంటే టిక్కెట్టు కొనాలి, వరసలో నిలబడాలి. ఆ హాలే మా నడవాలోకి నడిచొచ్చిందంటే అది నా అదృష్టం.

మీరింత బాగా నా సలహా పాటించారు కాబట్టి సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, అది తప్పుడు సలహా. మీ స్నేహితుల్లో రెండోవాడే జ్ఞాని. ఆ బూరలు అమ్మేయండి. డబ్బంతా ఆంప్లిఫయర్‌కే పెట్టి, స్పీకర్లు మాత్రం పిచ్చుక గూళ్ళంత చిన్నవి తీసుకోండి. ఏనుగునే తెచ్చినా, దాన్ని బొమ్మబండికి కడితే ఏం లాగుతుంది?

పెద్దగురువుగారు నవంబరు మూడో ఆదివారం వస్తున్నారు. ఆ రోజు మా గోడలోంచి మీ సంగీతం వినిపిస్తే ఆయన ఎంత ముచ్చటపడతారో నేను చెప్పలేను.

ఇట్లు,
నిషివాకి కినుయో

తా.క.: శిష్యురాళ్ళు ఇప్పుడు ఇద్దరు. అందులో ఒకావిడకు సరిగా వినపడదు.


నిషివాకి గారికి,

అయిపోయింది! బూరలు అమ్మేశాను. ఇద్దరు మనుషులు మోసుకొచ్చిన ఆంప్లిఫయర్, అరచేతుల్లో పట్టే స్పీకర్లు రెండు. మొదట కాస్త దిగులేసింది, శబ్దం దోమ పాడినట్టుంది. పరుగెత్తుకుని కొట్టుకి వెళ్తే అతను చెప్పిందేమిటంటే, చిన్నవాటికి మంద్రం పలకదు, వెనక గట్టి ఆసరా కావాలి, గోడకు ఆనించి బిగించమని. మీ వైపు గోడకే బోల్టులు వేసి బిగించాను. ఇక చూస్కోండి, గోడ మొత్తం స్పీకరైపోయింది! ఈ లెక్కన సగం స్పీకరు మీ ఇంట్లో ఉంది. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు.

గురువుగారి సంగతి నేను మరిచిపోలేదు. ఆయన ముచ్చటపడతారన్నారు కదా, ఆదివారం కోసం పదహారు ట్రంపెట్ల రికార్డు ఒకటి తెప్పించాను. ఆయన గుమ్మంలో కాలు పెట్టగానే మొదలుపెడతాను. మీటను ఏడు మీద పెడితే చాలా, ఎనిమిదా?

మీ సేవలో,
కుదో

తా.క.: అవతల మీ గోడకు బోల్టు కొస కనబడితే దానికి ఏదైనా తగిలించుకోవచ్చు. చాలా గట్టిది.


కుదో గారూ,

ఆపండి.

నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఇంత మోటు మాట కాగితం మీద ఎప్పుడూ రాయలేదు. జూన్ నుంచి నేను రాసిన ప్రతి ముక్కకూ అర్థం ఒక్కటే: శబ్దం తగ్గించండి. పొగిడానంటే తగ్గించమని. ఇంకా పొగిడానంటే ఇంకా తగ్గించమని. ఈ ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుస్తుంది.

రేపు గురువుగారు వస్తున్నారు. గోడలోంచి ఒక్క ట్రంపెట్ వినిపించినా మా అమ్మ బోర్డు దిగిపోతుంది. మీకు దండం పెడతాను, రేపొక్కరోజు ఆపండి.

కినుయో

తా.క.: ఆ బోల్టు మా తాతగారి ఫోటోలో ఆయన నుదుటి మీద వచ్చింది.


నిషివాకి గారికి కుదో తల వంచి రాయునది.

క్షమించండి. ఫోటో బాగు చేయిస్తాను. ఉత్తరం అందగానే ఆంప్లిఫయర్ తీగ పీకేశాను. ఒక్క మాటలో ఎంత బాగా అర్థమైందండీ! ఇదే జూన్‌లో రాసి ఉంటే నా బోనస్ బతికిపోయేది.

ఇప్పుడు నా వంతు. నేను ఇక్కడికి వచ్చిన వారంలోనే మా సెక్షన్ పెద్దాయన, ఆయనది ఈ ఊరే, ఒక కిటుకు చెప్పాడు. "పొరుగువాళ్ళ గోల భరించలేకపోతే పొగుడు, అర్థం చేసుకుంటారు" అన్నాడు. అందుకే స్క్విడ్ పంపుతూ మీ వేకువ సాధనను పొగిడాను. మర్నాటి నుంచి మీరు అరగంట ముందే మొదలుపెట్టారు. సరే, మా పెద్దాయన నన్ను ఆటపట్టించాడు, ఇక్కడ పొగడ్త అంటే పొగడ్తేనని తేల్చుకున్నాను. అందుకే మీ ఉత్తరాలు నమ్మాను. అయినా ఆశ చావక మళ్ళీ పొగిడితే ఆదివారం నిద్ర కూడా పోయింది. అసలు నేను గ్రామఫోను పెట్టిందే మీ షామిసెన్ వినపడకుండా ఉండాలని.

నిన్న మాత్రం, పెట్టడానికి ఏమీ లేక, మొదటిసారి మీ వాద్యం చివరిదాకా విన్నాను. అందరూ వెళ్ళిపోయాక మీరొక్కరే వాయించారే, ఆ పాట. అన్నం తింటున్నవాణ్ణి, చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. చాలా బాగుంది. ఇది హకొదాతె మాట. ఉన్నదున్నట్టు తీసుకోండి.

కుదో తెత్సురో

తా.క.: వెళ్తూ గురువుగారు వాకిట్లో అన్నది కూడా వినిపించింది. "ఈ వయసులో కూడా ఎంత ఓపిక! అమ్మగారి బోర్డును ఎంత కష్టపడి మోస్తున్నారు!" అన్నారు. నాకు చాలా సంతోషం వేసింది. ఇంతకీ ఆయనది ఏ ఊరండీ?


కుదో గారికి,

ఆయనది క్యోటో. పదకొండు తరాలుగా.

వాకిట్లో ఆ మాట చెవిన పడగానే నాకు అర్థమైంది. మీ తాజా కలం చదివి ముందు ఏడ్చాను. తర్వాత ఇన్నేళ్ళలో నాకు అందిన పొగడ్తలన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి, ఎవరన్నారు, ఏ ఊరివాళ్ళు అని చూసుకుంటూ కూర్చున్నాను. అన్నీ పోయాయి. మీది ఒక్కటే మిగిలింది.

ఇవాళ పొద్దున బోర్డు దించేసి, తుడిచి, అమ్మ ఫోటో పక్కన పెట్టాను. గుమ్మానికి వేరేది తగిలించాను. దాని మీద సంప్రదాయం పేరు లేదు, గురువుగారి ముద్ర లేదు. "నిషివాకి కినుయో, షామిసెన్" అని మాత్రం ఉంది. నేర్చుకోవడానికి ఎవరొస్తారో తెలియదు. వినడానికి మాత్రం మీరు రావాలి, గోడలోంచి కాదు, గుమ్మంలోంచి. సాయంత్రం అన్నం మా ఇంట్లోనే. ఇది మర్యాదకు అన్న మాట కాదు, ముల్లంగి ఇప్పటికే పొయ్యి మీద ఉంది.

మీ పొరుగు,
కినుయో

తా.క.: మీరు ఇంత దాపరికం లేకుండా చెప్పారు కాబట్టి, రేపటి నుంచి పొద్దున అయిదున్నరకు వాయించను. ఆరింటికి మొదలుపెడతాను.