ఎడమ చుట్టు

జూలై 6, ఆదివారం

అన్నయ్యకు,

నమస్కారం. నువ్వూ వదినా పిల్లలూ క్షేమమని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. వానలు మొదలయ్యాయి కాబట్టి నా నత్తలూ బాగానే ఉన్నాయి. నీ నడుం నొప్పి ఎలా ఉంది? లారీ సీటు కింద చెక్క వేయించుకోమని డాక్టరు చెప్పాడని వదిన అంది. వేయించుకున్నావో లేదో నువ్వు రాయలేదు.

నీ ఉత్తరం అందింది. ఫోనులో అయితే నేను మాట మాటకీ అడ్డొస్తానని ఉత్తరం రాశానన్నావు. మంచి పని చేశావు. నేనూ ఉత్తరమే రాస్తున్నాను. నువ్వూ అడ్డు రాలేవు.

ముందు జవాబు చెప్పేస్తాను. గురువారం నేను రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రాను. గుట్ట అమ్మకం కాగితం మీద సంతకం పెట్టను. ఇప్పుడూ పెట్టను, పంటలయ్యాకా పెట్టను.

నీ అవసరం తెలియక కాదు. ఇన్నేళ్ళూ ఒకరి లారీ తోలిన మనిషికి సొంత లారీ కావాలనిపించడం దురాశ కాదు. అందుకే పల్లపు చేనులో నా వాటా నీ పేర రాసిస్తాను. అమ్ముకో, తాకట్టు పెట్టుకో, నేను అడగను. పండే చేను వదులుకుని పూచికపుల్ల మొలవని గుట్ట పట్టుకు వేలాడుతుందేమిటి, దీనికి మతి పోయిందా అంటావు. అను. గుట్ట మాత్రం కంకర కొట్టే క్రషర్‌కు ఇవ్వను.

ఆ క్రషర్ ఆసామి మొన్న కాలేజీలో మా పరిశోధన గదికి వచ్చాడు. నువ్వు పంపావో ఆయనే వచ్చాడో నేను అడగలేదు. మా గది నువ్వు చూడలేదు కదా. పొడుగాటి బల్లలు, గోడ పొడవునా అరలు, అరల నిండా చిల్లుల మూతల ప్లాస్టిక్ పెట్టెలు. ఒక్కో పెట్టెలో తడిమట్టి, క్యాబేజీ ఆకు, నత్తలు. క్యాంటీనాయన మా కోసం కోడిగుడ్డు పెంకులు దాచిపెడతాడు, వాటిని నూరి చల్లుతాం. గుల్ల గట్టిపడాలంటే నత్తకు సున్నం కావాలి. అందుకాయన నాకు నత్తలమ్మ అని పేరు పెట్టాడు. క్యాబేజీ కుళ్ళిన వాసనకు మీ ఆసామి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అరలన్నీ ఒకసారి చూసి, ఎన్ని కావాలో చెప్పు తల్లీ, మా కుర్రాళ్ళ చేత ఏరించి బస్తాల్లో పంపిస్తాను, ఇంకో గుట్ట మీద పోసుకో అన్నాడు. బస్తాల్లో వేస్తే ఇక్కడికి చేరేది నత్తలు కాదు, జిగురు అన్నాను. నవ్వాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. తన యంత్రానికి రాయి కావాలి, అంతే.

వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి, ఇంత పట్టుదల మంచిది కాదమ్మా అన్నాడు. ఈ వారం పెట్టెలు కడగడానికి ఒక పెద్దావిడ సాయం వచ్చింది. మాట తక్కువ, పని శుభ్రం. ఆవిడ వైపు తిరిగి, పెద్దవారు మీరైనా చెప్పండి అన్నాడు. ఆవిడ తల ఎత్తకుండా, "తడి నేల బాబూ, జారుతుంది. చూసుకుని వెళ్ళు" అంది.

మా ప్రొఫెసరుగారు కూడా నీ పక్షమే. ఫోటోలున్నాయి, సీసాల్లో నమూనాలున్నాయి, థీసిస్‌కు ఇవి చాలు, ఇంట్లోవాళ్ళతో గొడవెందుకు అన్నారు. సీసాలో ఉన్నది ఆగిపోయింది సార్, గుట్ట మీద ఉన్నది ఇంకా నడుస్తోంది అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని వేరే మాట ఎత్తుకున్నారు.

ఏమిటి నడుస్తోందో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నువ్వు అడగలేదు, నేనూ పూనుకోలేదు. ఇప్పుడు చెబుతాను, విను.

ఒక నత్తను తీసుకుని మొన పైకి, నోరు నీ వైపు వచ్చేలా పట్టుకో. నోరు నీ కుడివైపు ఉంటుంది. చేలో, కాలవ గట్టున, మా కాలేజీ గోడ మీద ఎక్కడ చూసినా కుడి చుట్టే. మన గుట్టకు ఉత్తరం వైపు, ఆ పెద్ద పగులు కింద ఉన్నవాటికి నోరు ఎడమవైపు ఉంటుంది. మొదటిది దొరికినప్పుడు, అది పుట్టుకతో వచ్చిన లోపం, వదిలెయ్ అన్నారు ప్రొఫెసరుగారు. నేను వదలలేదు. మళ్ళీ వానల్లో వెళ్ళి రాళ్ళు తిరగేస్తే, ఆ పక్కన ఉన్నవన్నీ ఎడమవే. అప్పుడాయనే నాతో వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని చూశారు.

ఎడమ చుట్టుదీ కుడి చుట్టుదీ జతకట్టలేవు. దారులు ఎదురెదురుగా పడవు. అంటే ఒకే గుట్ట మీద పక్కపక్కనే ఉంటూ, ఒకదాని సంతానం ఇంకోదానిలో కలవదు. అలా ఏళ్ళకేళ్ళు గడిస్తే వీటి రంగు మారుతుంది, తిండి మారుతుంది, గుడ్లు పెట్టే కాలం మారుతుంది. చివరికి ఒక జాతి రెండు జాతులవుతుంది. ఈ భూమి మీద ఇన్ని రకాల ప్రాణులు ఎక్కడి నుంచి వచ్చాయంటే, ఇలా విడిపోయే వచ్చాయి. కొండలు అడ్డొచ్చి కొన్ని, నీళ్ళు అడ్డొచ్చి కొన్ని, ఏ అడ్డూ లేకుండా తిరిగే వైపు మారి ఇవి. అయిపోయాక వచ్చి చూసేవాళ్ళే ఎక్కువ. అవుతుండగా చూడడం నాకు దొరికింది. అది వదులుకోమని నువ్వు అడుగుతున్నావు.

మందలో కలవనిది బతకదు కదా అని నువ్వు అనవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నత్తలు తినే పాములున్నాయి. వాటి దవడలో కుడివైపు పళ్ళు ఎక్కువ, కుడి చుట్టు గుల్లలోంచి లాగడానికే అమరినట్టు ఉంటాయి. ఎడమ చుట్టుదాన్ని పట్టుకుంటే పట్టు జారుతుంది. అందరూ ఒకవైపు తిరిగే చోట ఇంకోవైపు తిరగడం కూడా ఒక బతుకుతెరువే.

నాన్న కొన్న గుట్ట, నాన్న పోయాక ఇంటికి మగవాణ్ణి నేను, నా మాట చెల్లాలి అని రాశావు. ఆ గుట్టలో సున్నపురాయంతా ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న గుల్లలే. ఎంత కాలం పట్టిందో లెక్క వేస్తే నాన్న దానికి నిన్న సాయంత్రం వచ్చిన చుట్టం. నత్తల్లో ఆడా మగా వేరుగా ఉండవు, ప్రతిదీ రెండూను. కాబట్టి అక్కడ అన్నయ్యల పెత్తనం నడవదు. కోపం తెచ్చుకోకు, నవ్వడానికే రాశాను. సగం.

ఇక నీ ఉత్తరంలో నాకు నిజంగా తగిలిన మాట. అమ్మ ఒక్కనాడైనా నాన్న మాటకు ఎదురు చెప్పిందా, ఇప్పుడు నా మాటకు చెప్పిందా, పిన్ని ఇంటి నుంచి గురువారం వచ్చి సంతకం పెట్టి వెళుతుంది, మన ఇంట్లో ఎవరికీ లేని ఈ మొండితనం నీకెక్కడిది, నువ్వసలు ఎవరి పోలిక అని అడిగావు.

మంచి ప్రశ్న. నేను జీతం తీసుకునేది ఆ ప్రశ్నకే.

నత్త పిల్ల ఎటు చుట్టుకోవాలో ఆ పిల్లలో ఉన్నది నిర్ణయించదు. గుడ్డు పెట్టిన తల్లిలో ఉన్నది నిర్ణయిస్తుంది. ఆ తల్లి పైకి కుడి చుట్టే కావచ్చు, ఎందుకంటే ఆమె గుల్ల ఎటు తిరగాలో ఆమె తల్లి ముందే తేల్చేసింది. బతుకంతా కుడికి తిరిగిన గుల్ల మోస్తూ, లోపల ఎడమను దాచుకుని ఉంటుంది. గుల్ల చూసి దాని సంగతి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. అది పెట్టిన గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాక, వాటిని భూతద్దం కింద పెట్టి చూసి, తల్లిలో ఏముందో అప్పుడు తెలుసుకుంటాం.

అమ్మ పుల్లల కోసం గుట్ట ఎక్కేది గుర్తుందా? ఆ గుట్ట మీద పుల్లలేముంటాయి? పొద్దు వాలేదాకా ఉండి గుప్పెడు ముళ్ళకంపతో దిగి వచ్చేది. నాన్న ఇంత ఆలస్యమా అని కేకలేసేవాడు. అమ్మ మాట్లాడకుండా పొయ్యి ముందు కూర్చునేది. మాట్లాడకపోవడం ఒప్పుకోవడమని నువ్వూ నేనూ కూడా అనుకున్నాం.

చేను కాగితాలు తయారు చేయించు, వాటి మీద ఎప్పుడు రమ్మన్నా వచ్చి సంతకం పెడతాను. వదినకు నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నడుముకు చెక్క వేయించుకో.

గుట్టలో మూడో వంతు హక్కున్న,
నీ చెల్లి

తా.క.: ఇది రాయాలా వద్దా అని అమ్మను అడిగితే, రాయి, ఎన్నాళ్ళు దాస్తాం అంది. అమ్మ పిన్ని ఇంట్లో లేదు. సోమవారం నుంచి నా దగ్గరే ఉంది. పెట్టెలు కడుగుతున్న పెద్దావిడ అమ్మే. మీ ఆసామికి తెలియదు పాపం. నీ ఉత్తరం తనకు చదివి వినిపించాను. ఆసాంతం విని, "నేను ఒప్పుకున్నానని వాడికి ఎవరు చెప్పారు? గురువారం రమ్మన్నాడు, అంతే. నన్నెవరూ అడగలేదు" అంది. గుట్ట మీద నీకేం పని ఉండేదమ్మా అని అడిగాను. చేతిలో పెట్టె తుడిచి బోర్లించి, "అక్కడికి మీ నాన్న కేక వినబడేది కాదు" అంది.

గురువారం ఆఫీసులో మా ఇద్దరికీ కుర్చీలు వేయించకు.