పెట్టెలో పైన ఉన్న పుస్తకం

అక్టోబర్ 31. సౌవిన్, పోయినవాళ్ల పండుగ.

మురియెల్ ఒక్క పేజీ ఇవ్వలేదు. తొమ్మిదేళ్లయింది. ఒకే ఒక్క పేజీ అడిగాను. ఇవ్వలేదు.

నా చేత్తో నేను రాస్తున్న మొదటి డైరీ ఇది. వయసు డెబ్బై తొమ్మిది. రెండు చలికాలాలు లైబ్రరీలో పెద్దవాళ్ల క్లాసులో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఇంత వయసులో ఎందుకండీ అని టీచరమ్మ అడిగింది. ఒకామెను తిట్టాలి, మొహం చూడకుండా ఉత్తరంలో తిట్టాలి అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

తప్పులుంటాయి. ఎవరూ చదవరు.

జరిగింది రాస్తాను. నా భార్య బెరిల్, నేను, ముప్పై నాలుగేళ్లు మురియెల్ నడిపే పూజల వలయంలో ఉన్నాం. ఊళ్లోవాళ్లు మమ్మల్ని మంత్రగాళ్లు అంటారు. అననీ. ఏడాదికి ఎనిమిది పండుగలు. సూర్యుడు ఎటు తిరిగితే మేమూ అటు తిరగడం. అంతకంటే ఏం లేదు. వలయంలో ప్రతి మనిషికీ ఒక నీడల పుస్తకం ఉంటుంది. పాటలు, పూజలు, అన్నీ ఎవరివి వాళ్లు సొంత చేత్తో రాసుకోవాలి. మనిషి పోతే, తర్వాత వచ్చే సౌవిన్ మంటలో ఆ పుస్తకం కాల్చాలి. పుస్తకం మిగిలిపోతే పోయినవాళ్ల కాలు గడప దాటదని మా నమ్మకం.

బెరిల్ తొమ్మిదేళ్ల కిందట సెప్టెంబర్‌లో పోయింది. ఆఖరి వారంలో మా రెండు పుస్తకాలూ మంచం మీదికి తెప్పించుకుంది. తన దాంట్లో చివరి పేజీలో ఏదో రాసింది. చెయ్యి వణుకుతోంది, అరపూట పట్టింది. ఏం రాశావే అన్నాను. నీకు కాదులే ముసలోడా, అంది. నవ్వుతూ ఆమె అన్న ఆఖరి మాట అది. రెండు పుస్తకాలూ నేనే తీసి పెట్టెలో పెట్టాను.

ఆ ఏడు సౌవిన్ నాడు పెట్టెలో పైన ఉన్నది తీసుకెళ్లి మురియెల్ చేతికిచ్చాను. ఆమె మొదటి పేజీ తిప్పింది. చివరిదాకా తిరగేసింది. నా మొహం చూసింది. ఇదేనా డెరిక్, సరిగ్గా చూసే తెచ్చావా అంది. నా పెళ్లాం పుస్తకం నాకు తెలీదా అన్నాను. చుట్టూ తొమ్మిదిమంది. చివరి పేజీ ఒక్కటి చింపి ఇవ్వు, మిగతాది కాల్చుకో అన్నాను. ఇవ్వనంది. సగం కాలిస్తే కాల్చినట్టు కాదంది. మంటలో వేసేసింది.

ఆ రోజే వలయం వదిలేశాను. పండుగలన్నీ పెరట్లో ఒక్కణ్ణే చేసుకుంటున్నాను.

ఇవాళ మాటల్లేని భోజనం. పోయినవాళ్లకు ఎదురుగా కంచం పెట్టి, నోరు మెదపకుండా తినాలి. తిన్నాను. ఆమె కంచంలోది కుక్కకు పెట్టాను. కుక్కా ముసలిదే. సగం వదిలేసింది.

నవంబర్ 9.

ఉత్తరం పూర్తయింది. తొమ్మిది రోజులు పట్టింది. నువ్వు ఆ పేజీ చదివావు, ఏం రాసి ఉందో చెప్పు, చెప్పకపోతే నీ అంత రాతిగుండె మనిషి ఈ లోయలో లేదని నీ సమాధి మీద చెక్కిస్తాను అని రాశాను. ఇంకా చాలా రాశాను.

క్లిఫ్ వచ్చి తీసుకెళ్లాడు. వలయంలో ఇంకా మిగిలింది వాడూ మురియెలూ ఇద్దరే. మిగతావాళ్లు పోయారు, లేదా ఊరు మారారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు కాబట్టి వాడికి తన నోరే హారన్. ఒరేయ్, ఈ వయసులో చదువు నేర్చుకున్నది ముసల్దాన్ని తిట్టడానికా, ఏ ప్రేమలేఖో రాసుకోక అన్నాడు. నువ్వు పోస్టు డబ్బాలో వెయ్యి, వాగకు అన్నాను.

ఒక సంగతి ఇక్కడైనా రాయాలి. నా పుస్తకం నేను రాయలేదు. బెరిల్ రాసిపెట్టింది. రాతిగోడలు కట్టుకునేవాణ్ణి, నాకు చదువెక్కడిది. పాటలన్నీ విని నోటికి పట్టేశాను. వలయంలో పుస్తకం తెరిచి పట్టుకుని, చదువుతున్నట్టే పాడేవాణ్ణి. ఎవరికీ తెలీదు. ఒకటి రెండుసార్లు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాను కాబోలు. మురియెల్ మంచినీళ్లు ఇచ్చే వంకన దగ్గరికొచ్చి, సరిగ్గా తిప్పి పెట్టి వెళ్లేది.

ఆ పుస్తకం పెట్టెలోనే ఉంది. నోటికొచ్చినవే కదా. తెరవలేదు.

డిసెంబర్ 21. యూల్, ఏడాదిలో పెద్ద రాత్రి.

పోయినేటి దుంగ ముక్క దాచి, దాంతో ఈ ఏటి దుంగ అంటించాలి. మొదటి యూల్‌కి బెరిల్ అంటించిన నిప్పు అలా నలభై మూడేళ్లుగా వస్తోంది. పొద్దున్న చూస్తే ముక్క లేదు. నవంబర్ చలిలో చూసుకోకుండా పొయ్యిలో వేసేసి ఉంటాను.

అగ్గిపుల్లతో అంటించాను. మండింది. మండితే ఏం.

జనవరి 17.

జవాబు లేదు.

ఫిబ్రవరి 2. ఇంబోల్క్.

ప్రతి కిటికీలో కొవ్వొత్తి పెట్టాలి. రెండు పెట్టేసరికి దగ్గొచ్చి కూర్చున్నాను. మూడోది పెట్టలేదు.

క్లిఫ్ వచ్చాడు. మురియెల్‌ని క్రిస్మస్‌కి ముందే వృద్ధాశ్రమంలో చేర్చారట. జ్ఞాపకం పోతోందట. వాణ్ణి చూసి, బస్సు ఎన్నింటికి అందట. బయల్దేరే టైమైంది మేడమ్, ఎక్కండి అన్నానురా అని చెప్పి, అంత మాటకారీ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

నాకు జాలి వేయలేదు. భయం వేసింది. ఆ పేజీలో ఉన్న మాటలు ఇప్పుడు ఈ భూమ్మీద ఒక్క తలలోనే ఉన్నాయి. ఆ తలకు చిల్లు పడింది.

మార్చి 20.

ఒస్తారా. పగలూ రాత్రీ సమానం. గుడ్డుకు రంగు వేశాను. తినాలనిపించలేదు.

మే 1. బెల్టేన్, వేసవి తొలి పండుగ. మధ్యాహ్నం 3.

వెళ్లాను. క్లిఫ్ కారులో.

మురియెల్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పిట్టంత అయిపోయింది. నన్ను చూసి బొగ్గు తెచ్చేవాణ్ణనుకుని, ఏమయ్యా, ముందు గుమ్మంలోంచి వస్తారా, బొగ్గు వెనక పోసి పో అంది. నేను డెరిక్‌ని అన్నాను. డెరిక్ అయితే ఏం, రాజుగారైతే ఏం, బూట్లు తుడుచుకో అంది. తుడుచుకున్నాను.

తిట్టడానికి వచ్చినవాణ్ణి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు. ఆమే దగ్గరికి రమ్మని సైగ చేసి, దిండు కిందనుంచి కాగితం తీసింది. నా ఉత్తరం. మడతలు చిరిగిపోయి ఉన్నాయి. ఇది చూడు బొగ్గాయనా, మా డెరిక్‌గాడు రాశాడు, గోడలు కట్టేవాడు లే, వాడు రాశాడు అంది. అన్నీ తిట్లే, అయితేనేం, సొంత చేత్తో రాశాడు, ఈ అక్షరం చూడు ఎంత నిటారుగా నిలబెట్టాడో అంది. నర్సు చేత రోజూ చదివించుకుంటోందట.

అప్పుడు అడిగాను. బెరిల్ పుస్తకం చివరి పేజీలో ఏముంది అన్నాను.

నాకేం తెలుసు, అది నేను చూస్తేగా అంది. బెరిల్ పుస్తకం డెరిక్‌గాడి పెట్టెలోనే ఉంది, నేను కాల్చింది వాడిది, అంది. పాపం, పైన ఏ పేరుందో చదువుకోలేక తనదే తెచ్చి ఇచ్చాడు, చూసి తెచ్చావా అని అడిగితే మీదికి లేచాడు, ఇంక అందరి ముందూ ఏం చెప్పమంటావు, నీకు చదువు రాదురా అని చెప్పమంటావా అంది. తర్వాత మూడుసార్లు వాడి ఇంటికెళ్తే కుక్కను వదులుతానన్నాడు, ఉత్తరం రాద్దామంటే ఎవరితోనో చదివించుకోవాలి, పరువు పోతుంది అంది. వాడికి చెప్పకు, సిగ్గుపడతాడు అంది.

చెప్పను అన్నాను.

సాయంత్రం 6.

ముసల్దానికి మతి పోయింది. అంతే. నమ్మడానికి ఇంకేం లేదు.

రాత్రి 8.

పెట్టె తెరిచాను. వలయంలో ఒక్కొక్కరికి ఒక పేరు ఉంటుంది, పుస్తకం మొదటి పేజీలో అదే పెద్ద అచ్చక్షరాల్లో రాస్తారు. నాది థార్న్, ముల్లు. బెరిల్‌ది రెన్, చిన్న పిట్ట పేరు.

రెన్ అని ఉంది.

మే 2.

అయితే తొమ్మిదేళ్ల కిందట కాలింది నా పుస్తకం. మా లెక్కలో ఆ రోజు పోయింది నేను. ఆ తర్వాత ఒక్క పండుగా నాకు పండుగలా అనిపించలేదు. ఇదన్నమాట.

నా పుస్తకంలో చివరి పేజీ ఖాళీ. ఎప్పుడూ ఖాళీయే. మురియెల్ అది చింపి చేతికిచ్చి ఉంటే, తొమ్మిదిమంది ముందు తెల్లకాగితం పట్టుకుని నిలబడి ఉండేవాణ్ణి. అందుకే ఇవ్వనంది. సగం, మొత్తం అన్నవి నోటికొచ్చిన సాకులు.

ఆమె నా పరువు కాపాడింది. నేను ఆమెది రాతిగుండె అని ఊరంతా చెప్పుకు తిరిగాను.

మే 19.

చివరి పేజీ చదవలేకపోతున్నాను. క్లాసులో నేర్పింది అచ్చక్షరాలు. బెరిల్‌ది గొలుసుకట్టు రాత, పైగా వణుకు. రోజుకు ఒక మాట వస్తోంది. టీచరమ్మకు చూపిస్తే నిమిషంలో చదివేస్తుంది. చూపించను. వలయంలో లేనివాళ్లు చూడకూడదు. ఇంత జరిగినా నా నామోషీ పోలేదంటే అదీ నిజమే.

జూన్ 21. లీథా. పొద్దున 5.

ఏడాదిలో పెద్ద పగలు. సూర్యుడు గుట్ట మీదికి రావడం చూడాలి. గుట్ట దాకా వెళ్లలేకపోయాను. నేను కట్టిన గోడ దగ్గరే ఆగిపోయాను. నలభై ఏళ్లైనా ఒక్క రాయి కదల్లేదు. దానికి ఆనుకుని పుస్తకం తెరిచాను. ఆఖరి రెండు మాటలు వచ్చాయి. ఇప్పుడు మొత్తం ఇది:

మురియెల్, మా ముసలాయనకి అక్షరాలు నేర్పు. నేను నేర్పుతానంటే కసురుతాడు, పెళ్లాం దగ్గర కూర్చోవడం నామోషీ. నేనడిగానని చెప్పకు, నీ మీదా అరుస్తాడు. ఒక్కడే అయిపోతాడు. చదువుకుంటే పొద్దుపోతుంది.

అంతే ఉంది. నా పేరు కూడా లేదు.

మురియెల్ చదవాల్సింది నా పెట్టెలో తొమ్మిదేళ్లు ఉండిపోయింది. నేనే పెట్టుకున్నాను. అయినా అక్షరాలు వచ్చాయి. మురియెల్ మీద కోపమే నేర్పింది. బెరిల్ ఉంటే పడీ పడీ నవ్వేది. నవ్వడానికి ఇక్కడ ఎవరూ లేరు.

వెళ్లి మురియెల్‌కి చెప్పాలి. బొగ్గాయన చెప్పినట్టే చెప్తాను.

జూలై 12.

దగ్గు. మంచం దిగలేదు. వచ్చే వారం వెళ్తాను.

ఆగస్టు 1. లామాస్.

మురియెల్ మొన్న పోయింది. కొత్త గోధుమల రొట్టె ఆమెకోసం చేశాను. ఇవాళ పట్టుకెళ్దామనుకున్నాను.

క్లిఫ్, నేనూ చెరో ముక్కా తిన్నాం. గట్టిగా ఉందిరా, గోడలో పెట్టుకోవచ్చు అన్నాడు. ఇద్దరం నవ్వబోయి మానేశాం.

దిండు కింద ఉత్తరం ఆమెతోపాటే పెట్టి పూడ్చారట. అన్ని తిట్లూ ఆమెతోపాటే మట్టిలోకి వెళ్లాయి. వెనక్కి తీసుకునే వీలు లేదు.

సెప్టెంబర్ 22. మేబన్, పళ్లకోతల పండుగ.

మురియెల్ పుస్తకం కాల్చాం. సౌవిన్ దాకా ఆగాలి, కానీ అప్పటిదాకా నేనుంటానో లేదోనని క్లిఫ్ తొందరపడ్డాడు. ఆ మాట పైకి అనలేదు. ఆపిల్‌పళ్లు తెచ్చాడు. వలయానికి ఇద్దరం. ఇద్దరు నిలబడితే వలయం కాదు, గీత.

పుస్తకం నా చేతిలో ఉంది. ఇప్పుడు నాకు చదవడం వచ్చు. ఒక్క పేజీ, ఆమె రాత గుర్తుకి, ఒక్కటే ఒక్క పేజీ చింపి జేబులో పెట్టుకుంటే క్లిఫ్ కాదనడు. వాడు అటు తిరిగి నిలబడ్డాడు కూడా.

మొత్తం వేశాను.

ఇంటికొచ్చాక వాడికి బెరిల్ పుస్తకం సంగతి చెప్పాను. కొరుకుతున్న ఆపిల్ కింద పెట్టాడు. తర్వాత, అయితే ఆవిడ పదేళ్లుగా నీ గడపలోనే నిలబడి ఉందిరా, దుర్మార్గుడా, వదిలెయ్యి పాపం అన్నాడు.

అక్టోబర్ 14.

ఊపిరితిత్తులు రాతిపొడితో నిండిపోయాయంది డాక్టరమ్మ. వసంతం చూడను. ఒంట్లో గోడ కట్టుకున్నానన్నమాట అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

నేను పోతే ఇల్లు ఖాళీ చేసేవాళ్లు వస్తారు. బెరిల్ పుస్తకం పాత బూట్లతో కలిసి చెత్తబండిలోకి పోతుంది. కాల్చేస్తే ఆమె చేతిరాత ఇంకెక్కడా లేదు. ఆ పేజీలో వణికిన ప్రతి అక్షరం నాకు తెలుసు. నేను చదివింది అదొక్కటే. లైబ్రరీలో చదివినవేవీ చదువు కాదు.

ఉంచుకుంటే, నేనున్నన్నాళ్లూ ఆమె గడప దాటదు. నిజంగా నిలబడి ఉందా. కనబడదే.

క్లిఫ్‌ని అడిగితే కాల్చు అంటాడు. మురియెల్ లేదు.

అక్టోబర్ 30. మధ్యాహ్నం.

బెరిల్. ఇది నువ్వే చదవాలి, అచ్చక్షరాలే రాశాను. రేపు సౌవిన్. ఎదురుగా కంచం పెడతాను. మంట పేర్చి ఉంచుతాను. నాలుగున్నరకు పొద్దుగుంకుతుంది. ఆలోపు చెప్పు. కాల్చనా, ఉంచనా. నీకు కాదులే అంటే ఈసారి ఊరుకోను.