మూడో గీత

అత్తమ్మకు నమస్కారాలు.

రెండో బిడ్డ సంగతి మీరు అడిగినప్పుడల్లా "ఎవల దగ్గర ఇడిసిపోవాలె?" అని నోరు మూయించాను. మీకు చెప్పలేదు గానీ, మొన్న ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గురించి అడగడానికి సిరిసిల్ల వెళ్లాను. సోమవారమని మరిచాను, తిరిగొస్తుంటే వేములవాడలో రాజన్న గుడికొచ్చిన భక్తుల రద్దీకి బస్సు ఇరుక్కుపోయింది. మీ కొడుకు డ్యూటీలో ఉన్నారు. పక్కింటి జరీనాబీకి ఫోన్ చేస్తే పిల్లను తేవడానికి వెంటనే బడికి వెళ్లింది. కానీ బడి ఫారంలో మనస్వినిని ఇంటికి తీసుకెళ్లేవాళ్ల పేర్లలో మా ఇద్దరివే రాసి, మూడో గీత ఖాళీగా వదిలింది నేనే. టీచరు పిల్లను పంపలేదు.

ఆరింటికి నేను పరుగున వెళ్లేసరికి గేటు బయట జరీనాబీ ఒళ్లో బీడీలు చుట్టే చాట పెట్టుకుని కూర్చుంది. లోపలి నుంచి మన పిల్ల ఆమెకు ఎక్కాలు అప్పజెబుతోంది. నాకు సిగ్గేసింది.

"టీచరమ్మ చేసింది మంచిదే బిడ్డా, ఎవలకు పడితే వాళ్లకు పిల్లనిస్తరా? కానీ ఒక్కదాన్ని ఇడిసి నేనెట్ల పోత?" అంది.

మర్నాడే ఆ గీత మీద ఆమె పేరు రాశాను. ఆపరేషన్ వద్దనుకున్నాం. మనసు తేలికైంది. అటక మీది ఊయల దింపించండి. తొందరేం లేదు.

తొందరంతా జరీనాబీదే. "పుట్టబోయేదాని బడి ఫారంల గూడ నా పేరు ఇప్పుడే రాయించు" అంటోంది.

మీ కోడలు,
కోరుట్ల