నీళ్ళు పెంచుతున్న సెలూన్

బావగారికి నమస్కారాలు.

మీరు పంపిన పాత చేపల తొట్టె సెలూన్‌కి చేరింది. కొంచెం తుడిస్తే చాలన్నారు. ఏం తుడవమంటారు? అద్దాలకి సున్నం కొట్టినట్టు తెల్ల పొర. అడుగున గులకరాళ్ళు కదిపేసరికి ఆ కంపుకి ఉన్న ఒక్క కస్టమరూ సగం గడ్డంతో లేచిపోయాడు. ఎదురుగా ఏసీ సెలూన్ వచ్చి నా కుర్చీ ఖాళీగా ఉంటోందనీ, చేపలుంటే జనం వస్తారనీ చెప్పింది మీరే. నీళ్ళు పోస్తే మూల కారి, నేలమీది వెంట్రుకలన్నీ వీధిలోకి ఈదుకుంటూ పోయాయి.

మీ బావమరిది

తా.క. సబ్బుతో తోమాను. నురగ ఇంకా వస్తూనే ఉంది.

*

బావమరిదికి ఆశీస్సులు.

ప్రాణులుండే తొట్టెని సబ్బుతో తోముతావా? ఆ వాసన పోయేదాకా కడుగు. తెల్ల పొర మీద వెనిగర్‌లో తడిపిన గుడ్డ కప్పి ఉంచు, ఊడొస్తుంది. కారే మూల పాత బంక గీకి, సిలికాన్ పెట్టి బాగా ఆరనివ్వు. తర్వాత నీళ్ళు నింపి, మోటారు వేసి వదిలెయ్. నేను చెప్పేదాకా చేపలు వెయ్యకు, నీళ్ళు ముదరాలి. అందుకు ఒక వస్తువు బస్సులో పంపుతున్నాను. ఎండనివ్వకు.

మీ బావ

తా.క. "ఆయనకి నేను క్షవరం నేర్పుతున్నానా?" అని మీ అక్కతో అన్నావట. విన్నాను.

*

బావగారికి,

నీళ్ళు ముదరడమేమిటండీ, అవేమన్నా బెండకాయలా? ఖాళీ నీళ్ళకి లైటు వేసుకుని కూర్చున్నాను. ఎదురు సెలూన్ వాడు గుమ్మం దాకా వచ్చి, "నీళ్ళు పెంచుతున్నావా అన్నా, మేతేం వేస్తున్నావు?" అని అడిగిపోయాడు. తల ఎక్కడ పెట్టుకోను?

పైగా మీ పార్శిలొకటి. పాచి పట్టిన స్పాంజి ముక్క అయినవాళ్ళకి పంపే వస్తువేనా?

మీ బావమరిది

తా.క. పారేయడానికి మనసొప్పక షాంపూ వేసి ఉడకబెట్టాను. మెత్తగా ఉంది. కస్టమర్ల మెడ మీద నురగ తుడుస్తున్నాను.

*

బావమరిదికి, మీ అక్క రాయమంది కాబట్టి ఆశీస్సులు.

ఆ పాచిలోనే ఉందిరా అంతా. చేపల మురికిని తినే, కంటికి కనబడని జీవులు అందులో కాపురముంటాయి. అవి లేకపోతే చేప తన మురికిలో తనే పోతుంది. నేను మా ఇంటి తొట్టెలో ఏళ్ళ తరబడి సాకినవాటిని ఉడకబెట్టి జనం మెడలు తుడిచావు. ఇక ఉత్తరాలతో పని కాదు. ఇంకో స్పాంజి తీసుకుని నేనే వస్తున్నాను. అందాకా దేన్నీ ముట్టుకోకు.

మీ బావ

తా.క. చేపలూ తెస్తాను, ముందుగా నాలుగే. వాటిని తోమకు.

*

బావగారికి,

మీరు వచ్చి స్పాంజి పెట్టి వెళ్ళాక నీళ్ళు తేటపడ్డాయి, చేపలు కులాసా. నా సంగతే బాగాలేదు. జనం వస్తున్నారు, బెంచీ చాలక నిలబడుతున్నారు. కానీ ఒక్కడూ తల ఇవ్వడు. నీ వంతు అని పిలిస్తే పక్కవాణ్ణి చూపిస్తాడు. కుర్చీ ఎక్కితే తొట్టె వీపు వెనక్కి పోతుందని వాళ్ళ బాధ. వీధంతా జులపాలతో తిరుగుతోంది. నిన్న ఎదురు సెలూన్ వాడు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. అక్కడికెవరూ రావడం లేదట. ఇదేనా మీరు చెప్పిన వ్యాపారం?

మీ బావమరిది

తా.క. ఉత్తరం అంటించేలోగా కుర్చీని తొట్టె వైపు తిప్పేశాను. మొదట ఎక్కింది ఎదురు సెలూన్ వాడే. చేప ఎటు పోతే అటు తల తిప్పాడు, ఎడమ చెవి పక్కన జుట్టు బాగా లోపలికి తెగిపోయింది. ఆ వైపు అద్దం లేదు కదా, సంతోషంగా వెళ్ళాడు.