ఏడుగురు ఒక మనిషి

చినదిబ్బపాలెం,
8 డిసెంబరు 2024, ఆదివారం.

అనిత వదినకి,

ఈ పొద్దున తలుపు తీసేసరికి మీ అత్త మా గడప బయట కూర్చుని ఉంది. నెల రోజులుగా మా వీధిలోకే రాని మనిషి! ఆ సంగతి రాయాలన్న తొందరలో నమస్కారం కూడా మర్చిపోయాను. నమస్కారం వదినా. అమ్మా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. పాప బరువు పెరుగుతోందనీ, నువ్వు కాస్త తేరుకున్నావనీ అనుకుంటున్నాను. అనుకోవడమే, తెలియదు. నీ ఫోను నా నంబరుకి మోగడం మానేసింది. అందుకే కాగితం పట్టుకున్నాను. నా దస్తూరీ చూడగానే చింపేయకుండా చివరిదాకా చదువు.

దాలమ్మ పెద్దమ్మ లోపలికి రమ్మంటే రాలేదు. "కాయితం సదువు మళ్ళీ" అంది. గుజరాత్‌లో మనవాళ్ళు ఎక్కిన వెరావల్ పడవ అగ్రిమెంటు ఫోటో నా ఫోన్‌లో ఉందని ఆవిడకి తెలుసు. చదివాను. "మా వోడి పేరు ఎక్కడున్నాది? ఏలెట్టి సూపించు" అంది. చూపించాను. ఆవిడ కూడా వేలు పెట్టింది. ఫోటో ఒక్కసారి పెద్దదై, పక్కకి జరిగి, తెర మీంచి మాయమైంది. "పోనాదేటే?" అని అడిగింది. భయపడి అడగలేదు వదినా, ఆశపడి అడిగింది. నేను మళ్ళీ ఆ ఫోటో తెచ్చి చూపించేసరికి ఆ ముఖం ఎలా వాలిపోయిందో నాకు రాయడం రాదు.

ఆవిడ ఇంకో మాటంది. "ఏడుగురూ కలిపి ఒక మనిసే అని రాసుంది గదా. ఐతే మా గుంటడి సోట్లో నన్నేసుకోమను. నాను ఎల్తాను. వండి పెడతాను, వల లాగుతాను, ఏటి రాదు నాకు? సిన్నప్పట్నుంచీ సేసిన పనే గదా." మా అమ్మ నవ్వబోయి ఆగిపోయింది. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చిందని అప్పుడు చూశాను. ప్రయాణానికి తయారై వచ్చింది.

అక్కడి సంగతి నీకు ఎవరు ఎంత చెప్పారో తెలియదు కాబట్టి అంతా రాస్తాను. పాప పుట్టి గాజుపెట్టెలో ఉందని తెలిసి నవీనన్న పడవ దిగి వచ్చేశాక, పడవ యజమాని సేటు మిగతా ఆరుగురి ఆధార్ కార్డులూ, మత్స్యకార కార్డులూ తన దగ్గరే పెట్టుకున్నాడు. జీతాలు ఆపేశాడు. వేరే మనిషిని పంపుతామన్నా ఒప్పుకోలేదు. కాగితంలో ఉన్న ఏడో మనిషే రావాలట. వచ్చేదాకా ఆ మనిషి పని కూడా ఆరుగురే చెయ్యాలట. నవీనన్న చూసుకునే తాడు ఇప్పుడు మా నాన్న లాగుతున్నాడు. పడవ నడిపించే తండేలు వచ్చి తాడు దగ్గర నిలబడ్డాడన్నమాట. పది రోజుల క్రితం కుడిచేతి రెండు వేళ్ళు తాడు కింద నలిగిపోయాయి. ఫోన్‌లో "ఏటీ కానేదు" అంటాడు. అదే పడవలో ఉన్న అసిరయ్య తాత పక్క నుంచి "గోరు నల్లగయిపోనాది, సెయ్యి బుంగలాగుంది, సెప్పవేటి పోతురాజు?" అని అరుస్తాడు. ఆసుపత్రికి వెళ్దామంటే చేతిలో కార్డు లేదు, డబ్బు లేదు, భాష లేదు.

మా కాలేజీకి న్యాయ శిబిరం పెట్టడానికి వచ్చిన లాయరు గారిని అడిగాను. ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులమని రాసిచ్చాక ఏడుగురి తప్పూ ఏ ఒక్కరి దగ్గరైనా పూర్తిగా రాబట్టుకోవచ్చట. తప్పు చేసినవాణ్ణి వెతుక్కుంటూ పోనక్కర్లేదట, చేతికి దొరికినవాణ్ణి పట్టుకుంటే చాలట. కార్డులు లాక్కోవడం మాత్రం చట్టం కాదన్నారు. "అయితే ఎవరు ఇప్పిస్తారు సార్?" అన్నాను. ముందు కాగితం సంగతి తేలాలమ్మా అన్నారు.

ఆ మాట, ఉమ్మడిగానూ విడివిడిగానూ, నాకు ఎంత నచ్చిందో చెబితే నన్ను అసహ్యించుకుంటావు. జులైలో ఏజెంటు ఇంగ్లీషు కాగితం తెచ్చినప్పుడు, వలలు బాగుచేసే పాకలో అందరికీ తెలుగులో చదివి చెప్పింది నేనే. "మా అమ్మాయి డిగ్రీ సదువుతన్నాది, అది సెప్తాది" అని నాన్న పిలిచాడు. ఒకడు చేసింది అందరూ చేసినట్టే అన్న చోటికి రాగానే అసిరయ్య తాత పకపకా నవ్వాడు. "పడవెక్కినాక ఏడుగురం ఒక్కటే గదేటి! ఈ ముక్క సేటుకి ఎవుడు సెప్పాడెహె?" అన్నాడు. నాన్న అయితే, "ఒక గిన్నెలో తింటాం, ఒక బకెట్టులో కక్కుతాం. కాయితం మీద రాసుకోడానికి ఏటి సిగ్గు?" అన్నాడు. వాళ్ళకి అది షరతులా వినిపించలేదు వదినా, మర్యాదలా వినిపించింది. సముద్రం మీద ఒకడికి జ్వరమొస్తే మిగతావాళ్ళు వాడి వంతు వల లాగేస్తారు, ఎవరూ లెక్క పెట్టరు. ఆ బతుకే రాశారనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ రోజే ఆ మాట నా నోటు పుస్తకంలో ఎక్కించాను, కింద రెండు గీతలు గీసి.

తర్వాత ఊరి మీటింగు నీకు తెలిసిందే. నవీనన్న, "నాను సంతకం పెట్టనేదు. ఆ రోజు అనితని ఆస్పత్రిలో సేర్చాను, ఊర్లోనే లేను" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. అందరూ నా వైపు తిరిగారు. నేను ఫోటో చూసి, "ఇందులో నవీనన్న పేరు మీద సంతకం ఉంది" అన్నాను. అంతే అన్నాను. పాపని ఎత్తుకుని అన్నయ్యతో మీ పుట్టింటికి వెళ్ళిపోతూ నువ్వు నన్ను అడిగావు, "ఇన్ని పుస్తకాలు సదివేవు, మనిసి మాట సదవనేవేటి?" అని. 

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అన్నయ్యని ఒక్కసారి వెరావల్ పంపు వదినా. వేట ముగిసే ఏప్రిల్ దాకా ఉండక్కర్లేదు. వెళ్ళి సేటు ఎదుట నిలబడి, కార్డులు ఇప్పించి, నాన్నని ఆసుపత్రిలో చూపించే వరకు చాలు. పాప ఇంకా రెండు కిలోలు కూడా లేదని తెలుసు. రాత్రి ఒకరు, పగలు ఒకరు గుండెకి హత్తుకుని కూర్చోవాలని నర్సు చెప్పిందనీ తెలుసు. పగటి వంతు నేను వచ్చి కూర్చుంటాను. కాలేజీ పోతే పోయింది. ఆరుగురి ఇళ్ళలో ఆడవాళ్ళు నన్ను రోజూ అడుగుతున్నారు, ఉత్తరం రాశావా అని. అమ్మ మాత్రం అడగదు. నాన్న చొక్కాలు ఉతికి మడతపెట్టి, మళ్ళీ విప్పి ఉతుకుతోంది.

నా మీద కోపం నా మీదే ఉంచు, నాన్న మీద పెట్టకు.

పాపకి ముద్దులతో,
నీ ఆడపడుచు,
శైలజ

తా.క. సంతకం చేసి, కవరు అంటించబోయి ఆగాను. పైన రాసిందంతా నిజమే, ఒక్క అబద్ధం లేదు. మీటింగులో అన్న మాట కూడా అలాంటిదే. నవీనన్న పేరు మీద ఉన్న ఆ సంతకం నేను పెట్టాను.

మిగతా ఐదుగురూ సంతకాలు పెట్టి బట్టలు సర్దుకోవడానికి వెళ్ళిపోయారు. పాకలో నాన్న, ఏజెంటు, నేను మిగిలాం. ఏడుగురైతేనే పడవ, ఆరుగురైతే వేరే ఊరికి ఇచ్చేస్తానన్నాడు ఏజెంటు. అన్నయ్య ఫోను ఎంతకీ కలవలేదు. నాన్న నన్ను అడగలేదు వదినా. నేనే పెన్ను తీసుకున్నాను. ఏడుగురూ ఒక మనిషే అని అప్పుడే కదా చదివాను, ఒక మనిషి కోసం ఇంకో మనిషి రాస్తే తప్పేముంది అనుకున్నాను. అంత బాగా చదివానన్న గర్వం కూడా ఉంది. రెండు రోజుల తర్వాత అన్నయ్య వస్తే, అన్నీ అయిపోయాయి బండెక్కు అన్నారు. సంతకం అవసరం లేదనుకుని ఎక్కాడు.

నాన్నకి తెలుసు. అన్నయ్య అబద్ధం ఆడటం లేదనీ తెలుసు. పక్కన ఉన్న అసిరయ్య తాతకి కూడా చెప్పకుండా ఆ తాడు లాగుతున్నాడు. మొన్న నేను ఏడిస్తే, "నువ్వు మాటాడకు అమ్మీ, నీకు సదువున్నాది" అన్నాడు.

ఎవరి సంగతో అన్నట్టు లాయరు గారిని ఇంకో ప్రశ్న కూడా అడిగాను. ఏడుగురిలో ఒకరు అసలు సంతకమే పెట్టకపోతే? అప్పుడు ఆ కాగితం మొత్తం ప్రశ్నలో పడుతుందన్నారు. ఆ దొంగ సంతకం పెట్టినవారి బాధ్యత మాత్రం వారొక్కరిదే, అది ఎవరితోనూ ఉమ్మడి కాదు అన్నారు. దీనివల్ల ఆరుగురూ బయటపడతారో, నేను ఏడోదాన్ని అవుతానో నాకు తెలియదు. సేటు ఎంత దూరంలో ఉన్నాడో, నా మాట అంత దూరం వెళ్తుందో లేదో కూడా తెలియదు.

అన్నయ్యని పంపకు వదినా. పైన అడిగింది కొట్టేయి.

రేపు సోమవారం, శ్రీకాకుళం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఆరున్నర బస్సుకి వెళ్తాను. ఆరు గంటలకే దాలమ్మ పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, ఆవిడ కొడుకు నిజమే చెప్పాడని ముందు ఆవిడకి చెబుతాను. ఆ తర్వాత కూడా ఆవిడ నాతో బస్సెక్కితే, అర్జీ ఇద్దరం కలిసి ఇస్తాం.